సున్నం లెక్క

"సున్నంలోకి ఎముక మిగల్దు నీకు" అని
మా చిన్నాన్న కనపడినోణ్ణల్లా బెదిరించేవాడు.
ఎవరి దెబ్బా తగలకుండానే
మా దేముడమ్మకి ఆ మాట తగిలింది.

ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
ఎండు నెత్తళ్ల గంప ఎత్తబోతే
మణికట్టు పుటుక్కుమంది.
నిండు గంప కూడా కాదు,
సగం అప్పటికే అమ్ముడైపోయింది.

అంతకుముందు రెండేళ్లలో రెండు రాళ్లు.
ఒకటి దానంతటది దిగింది,
రెండోదాన్ని కేజీహెచ్‌లో పగలగొట్టారు.
దిగినదాన్ని అమృతాంజనం సీసాలో దాచాను,
పల్లేరుకాయకి చెల్లెల్లా ఉంటుంది.
"నీళ్లు తాగవు, అందుకే" అని రెండేళ్లు సాధించాను.
తాగితే ఎక్కడికి వెళ్తుంది?
జెట్టీకున్న ఒక్క మరుగుదొడ్డికి తాళం.
అది నేనెప్పుడూ అడగలేదు.

రాళ్లు కదా, పాలు మానీమంది మా వదిన.
ఎముకలు గుల్ల కదా, పాలు తాగమంది పక్కింటి అప్పాయమ్మ.
మనిషి రెండు మాటలూ విని
ఆకులో సున్నం మానేసింది,
కోపం మాత్రం పెంచింది.

"పాలు దొంగ కాదు" అంది కుర్ర డాక్టరమ్మ.
కేసుషీటు వెనక గొంతు బొమ్మ గీసి
వెనకవైపు నాలుగు చుక్కలు పెట్టింది.
కందిబద్దంత గుమస్తాలు నలుగురు.
రక్తంలో సున్నం తగ్గితే ఎముకలోంచి తీస్తారు,
చాలగానే ఆపేస్తారు.
మా ఆవిడ గొంతులో ఒకడికి
ఆపడం మరుపొచ్చింది.
చింతపిక్కంత ఊరి కూర్చున్నాడు.

"తీసిందంతా ఏటవుద్ది మేడం?"
"రక్తంలోకి. అక్కణ్ణించి కిడ్నీల్లోకి.
పేరుకుంటుంది."

అప్పుడు అర్థమైంది నాకు,
చదువుతో కాదు, కొలువుతో.
డ్రెడ్జర్ మీద పైపులు బిగించేవాణ్ణి నేను.
తీరం వెంట నడిచే ఇసకకి
డాల్ఫిన్స్ నోస్ పక్క రాళ్లగోడ అడ్డం పడితే
ఇటు ఆర్కే బీచి కోసుకుపోతుంది,
అటు ఓడల దారి పూడుకొస్తుంది.
ఇసక అదే.
పోయినచోట గొయ్యి, చేరినచోట గండం.
మేం తోడి తెచ్చి ఒడ్డున కక్కిస్తాం.
సబ్‌మెరైన్ చూడ్డానికొచ్చిన పిల్లలు
ఆ నల్లనీళ్లకి ముక్కు మూసుకుంటారు.
ఒక్క తుఫాను, మళ్లీ మొదలు.

జేబులోంచి సీసా తీశాను.
"అయితే మేడం, ఈ రాయి ఆవిడ చెయ్యేనా?"
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది.
"కొంత చెయ్యి. కొంత తిన్న తిండి" అంది,
ఓదార్చడం ఇంకా రాని పిల్ల.

గింజ తీశారు.
మర్నాటి రాత్రి రెండింటికి
మూతి చుట్టూ చీమలు పాకుతున్నాయంది.
వేళ్లు కొంకర్లు పోయి
పక్షి ముక్కులా ఒకచోట చేరాయి.
నర్సు పరుగు.
"ఎముకలకి ఆకలి" అన్నారు.
ఇన్నేళ్లు దోపిడీ అయిన ఇల్లు,
దొరికిందల్లా లోపలికి లాక్కుంటోందట,
రక్తానికి చిటికెడు మిగల్చకుండా.

సీసాలోంచి సున్నం చుక్కచుక్కగా దిగింది.
కిటికీలోంచి లంగరేసిన ఓడల దీపాలు.
ఇంత సన్నటి పైపుతో
ఒడ్డు పూడ్చడం నేనెక్కడా చూళ్లేదు.
తెల్లారేదాకా చుక్కలు లెక్కపెట్టాను,
మధ్యలో ఎన్నిసార్లు తప్పానో.

ఆ వారమంతా డాక్టరమ్మ వచ్చి
చెవి ముందు బుగ్గ మీద వేలితో కొట్టేది.
పెదవి అదిరితే సున్నం చాల్లేదని.

ఇప్పుడు రోజుకి నాలుగు తెల్ల బిళ్లలు,
సుద్దముక్క నమిలినట్టుందని తిడుతూ మింగుతుంది.
గంప నేనెత్తుతాను.
డ్యూటీ దిగి జెట్టీకెళ్లి
ఎవరూ చూడకుండా బుగ్గ మీద ఒక్క వేలు.
పెదవి కదలదు.
మళ్లీ కొడతాను.

"ఏటా సరసం?
ఆ పక్క నెత్తళ్లు తిరగెయ్,
మాడిపోతన్నాయి."